దూరపు మీట

పెళ్ళైన కొత్తలో మరిదిని ఆమె "అబ్బాయ్" అని పిలిచేది. అతను ఆమెను "వదినా" అనేవాడు. విడాకులయ్యాక ఆ రెండు పిలుపులూ చెల్లకుండా పోయాయి. వాటి బదులు కొత్తవి కుదరలేదు. ఆఫీసులో అందరూ ఆమెను మేడం అంటారు. ఆ మాట అతని నోటికి రాదు. ఫిట్టరుగారూ అంటూ అతనికి కొత్తగా మర్యాద చేయడానికి ఆమెకు మనసొప్పదు. దాంతో ఒకరికొకరు చెప్పుకోవలసినవన్నీ ఇద్దరూ సూపర్వైజరుకు చెప్పేవారు.

సూపర్వైజరుకు గొడవలంటే భయం. ఎవరు ఏం మొరపెట్టుకున్నా "పోనీలెండి, సర్దుకుపోదాం" అనేవాడు కాబట్టి ఆయనకు సర్దుబాటు సారు అని పేరు స్థిరపడింది. ఆయన బల్లకు ఈ పక్క ఆమె, ఆ పక్క అతను నిలబడి, ఒకరి మాట ఒకరికి స్పష్టంగా వినిపిస్తున్నా, ఆయన వైపే చూస్తూ మాట్లాడేవారు. "రెండో షెడ్డులో వాల్వు కారుతోందని చెప్పండి సార్" అని ఆమె అనేది. "నిన్ననే బిగించానని చెప్పండి సార్" అని అతను అనేవాడు. ఆయన ఇటూ అటూ తల తిప్పలేక మెడ నిమురుకునేవాడు.

ఊరికి నీళ్ళిచ్చే ఆఫీసది. ఆమె కంట్రోల్ రూమ్ ఇంజనీరు, అతను పంపు షెడ్ల ఫిట్టరు. అసలా పెళ్ళి సంబంధం తెచ్చిందే అతను. మా ఆఫీసులో ఒకావిడ ఉంది, అన్నయ్యకు సరిగ్గా సరిపోతుందని ఇంట్లో చెప్పి, తనే ముందుండి మాటలు నడిపాడు. పెళ్ళయ్యాక కొన్నాళ్ళు ఆ ఇంట్లో అందరికంటే ఆమెకు దగ్గరివాడు అతనే.

తర్వాత అన్నయ్య పనిచేసే కంపెనీ మూతపడింది. ఆ సంగతి అన్నయ్య ఇంట్లో చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమె సర్దిన భోజనం డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. పగలంతా ఎక్కడో లైబ్రరీలో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేవాడు. భోజనాల దగ్గర ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. మేనేజరు ఎవరిమీద అరిచాడో, లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆ కబుర్లకు ఆమె నవ్వేది, తమ్ముడూ నవ్వేవాడు. తమ్ముడికి మాత్రం నిజం మొదటి నెలలోనే తెలుసు.

ఏడాది గడిచాక, భర్త మర్చిపోయిన ఫోన్ ఇచ్చి వద్దామని ఆమె అతని ఆఫీసుకు వెళ్ళింది. తలుపుకు తాళం, తాళం మీద దుమ్ము. ఆమె ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ వారాంతం రెండు వైపుల పెద్దవాళ్ళనూ భోజనానికి పిలిచి, అందరి ముందూ భర్తను, "నిన్న ఆఫీసులో ఏం జరిగిందో చెప్పండి" అని అడిగింది. అతను చెప్పాడు. ఆమె మధ్యలో ఆపలేదు, చివరిదాకా చెప్పనిచ్చింది. ఆ తర్వాత తాళం సంగతి చెప్పింది. అందరి ముందూ అన్నయ్య మొహం ఎలా అయిపోయిందో తమ్ముడు చూశాడు. తమ్ముడికి ముందే తెలుసని కూడా అక్కడే బయటపడింది. ఆ పూటే ఆమె పెట్టె సర్దుకుంది.

తెలిసీ తన ముందు కూర్చుని నవ్వినందుకు ఆమె మరిదిని క్షమించలేదు. అన్నయ్యను అలా చివరిదాకా మాట్లాడించినందుకు అతను ఆమెను క్షమించలేదు. ఇద్దరికీ ఉద్యోగాలు కావాలి గనుక అదే ఆఫీసులో మిగిలారు.

ఊరి చుట్టూ ఉన్న పంపు షెడ్లలో ఒక్కోదానిలో ఒక చిన్న కంప్యూటరు పెట్టె ఉంటుంది. అరచేతిలో పట్టేంతది. ట్యాంకులో నీళ్ళెంత ఉన్నాయో చూసి, తగ్గితే పంపు వేయడం, నిండితే ఆపడం, ఆ కబురు కంట్రోల్ రూముకు పంపడం దాని పని. ఎండకో, దుమ్ముకో, కరెంటు కుదుపుకో అవి మధ్యమధ్య బిగుసుకుపోయేవి. కంట్రోల్ రూము తెర మీద అంకె ఎక్కడిదక్కడ ఆగిపోయేది. మందు ఒకటే: ఎవరో ఒకరు వెళ్ళి ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాలి. ఆ ఎవరో ఒకరు ఫిట్టరే. ప్లగ్గు పీకడం కోసం ఎర్రటి ఎండలో బైకు మీద ఊరు దాటి వెళ్ళి, పీకి, పెట్టి, తిరిగొచ్చేసరికి ఇంకోచోట ఇంకోటి బిగుసుకునేది.

చల్లటి గదిలో కూర్చుని ఆవిడ నన్ను బొంగరంలా తిప్పుతోందని అతను క్యాంటీన్‌లో అన్నాడట. అలాంటి మాటలకు కాళ్ళుంటాయి. సాయంత్రానికే ఆమెను చేరింది.

కూర్చున్నచోటి నుంచే పెట్టెల్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టే ఏర్పాటు చేయాలని ఆమె అప్పుడే పట్టుబట్టింది. అతనికి ఎండ తప్పించాలని కాదు. అతని అవసరం లేకుండా చేసుకోవాలని.

మొదట పెట్టెకే ఆజ్ఞ పంపింది. ఆగి మళ్ళీ లేవమని. బాగున్నప్పుడు అది చక్కగా ఆగి లేచేది. బిగుసుకున్నప్పుడు మాత్రం, సరేనని జవాబిచ్చి సగంలో ఆగిపోయేది. పైగా దానిలో "బాగానే ఉన్నాను" అని కబురు పంపే ముక్క వేరు, పంపు చూసే ముక్క వేరు. పని చేసేది పడిపోయినా కబురు చెప్పేది చెబుతూనే ఉండేది. ఆ కబుర్లు నమ్మి ఒకసారి సగం ఊరికి నీళ్ళు అందలేదు. అతను బైకు మీద వెళ్ళి ప్లగ్గు పీకి వచ్చి, క్యాంటీన్‌లో అందరికీ టీ పోయించాడు. ఎందుకని అడిగితే ఉద్యోగం ఊడలేదు కదా అన్నాడు.

ఆమె అవమానాన్ని మింగి మళ్ళీ కూర్చుంది. తెలివితప్పిన మనిషిని నువ్వే లేచి మొహం కడుక్కో అంటే కుదరదని అర్థమైంది. లేపేది వేరే ఉండాలి, దానికి రోగి ఒప్పుకోలుతో పని ఉండకూడదు. కాబట్టి పెట్టె పక్కన ఇంకో చిన్న పరికరం పెట్టించింది. దానికి సొంత బ్యాటరీ, సొంత సిమ్ము. దానికి తెలిసింది ఒకటే పని. కంట్రోల్ రూము నుంచి కబురు రాగానే పెట్టెకు కరెంటు కోసేస్తుంది, కాసేపాగి మళ్ళీ ఇస్తుంది. పెట్టెను ఏమీ అడగదు. ఆమె ఇది ఎన్నోసార్లు పరీక్షించింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ పరికరాలు షెడ్లలో బిగించవలసినవాడు ఫిట్టరే. బిగించాడు. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నట్టుందని ఎవరో హాస్యమాడితే, కనీసం లోతుగా తవ్వుతానన్నాడు.

పని పూర్తయిన రోజున సూపర్వైజరుకు ఒక అనుమానం వచ్చింది. షెడ్డులో మనిషి పనిలో ఉండగా ఇక్కడ మీట నొక్కితే ఎలా? ఆమె, వెళ్ళేముందు నాకు ఫోన్ చేస్తే చాలు సార్, నొక్కను అంది. ఫిట్టరు ఆయన వైపే చూస్తూ, నేను ఆవిడకు ఫోన్ చేయను, కావాలంటే మీకు చేస్తానన్నాడు. ఆమె ఇంకేదైనా అడగవలసింది. షెడ్డులోనే ఏదైనా అడ్డు పెట్టే దారి ఆలోచించవలసింది. కానీ అతను తన పేరు ఎత్తడానికి కూడా ఇష్టపడకుండా "ఆవిడ" అన్న తీరుకే ఒళ్ళు మండి, "ఆయనిష్టం సార్" అని లేచి వెళ్ళిపోయింది. సూపర్వైజరు ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే నువ్వు నాకు చెప్పు, నేను అమ్మాయికి చెబుతా. సర్దుకుపోదాం" అన్నాడు.

కొన్నాళ్ళు అలాగే సాగింది. ఆ తర్వాత సూపర్వైజరు పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన రోజొకటి వచ్చింది.

ఆ మధ్యాహ్నం గుట్ట మీది షెడ్డులో పంపు నుంచి కీచుమని చప్పుడు వస్తోందని దారినపోయేవాళ్ళెవరో ఫిట్టరుకు చెప్పారు. అతను సూపర్వైజరుకు ఫోన్ చేశాడు. ఫోన్ ఆగిపోయి ఉంది. కంట్రోల్ రూము నంబరు అతని దగ్గరుంది. చేయలేదు.

షెడ్డులో పంపు ఆపడానికి రెండు దార్లున్నాయి. గోడకున్న ఇనప హ్యాండిల్ కిందికి లాగితే కరెంటే తెగిపోతుంది. కానీ అది లాగినట్టు కంట్రోల్ రూములో వెంటనే తెలిసిపోతుంది. తను ఎప్పుడొచ్చాడో ఎప్పుడెళ్ళాడో ఆమె తెర మీద పడటం అతనికి ఇష్టం లేదు. కాబట్టి చాలాకాలంగా అతను రెండో దారే వాడుతున్నాడు: పెట్టె మీదున్న ఎర్ర బటన్. అది నొక్కితే పంపు ఆగుతుంది. అయితే ఆపమన్న సంగతి పెట్టె గుర్తుపెట్టుకోవాలి.

అతను ఎర్ర బటన్ నొక్కాడు. పంపు ఆగింది. మోటారును పంపుతో కలిపే కప్లింగ్ మీది రేకు విప్పి, ఎడమచెయ్యి లోపలికి పెట్టి, అరిగిన రబ్బరు ముక్కల్ని వేళ్ళతో తడిమి తీయడం మొదలుపెట్టాడు.

పంపు ఆగినప్పటి కుదుపుకు పెట్టె కూడా బిగుసుకుపోయింది. పంపు ఆగిందన్న కబురు పంపేలోపే. కంట్రోల్ రూము తెర మీద మాత్రం గుట్ట మీది పంపు తిరుగుతూనే ఉంది, నీటిమట్టం అంకె మాత్రం కదలడం లేదు. ఆమె దాన్ని కాసేపు చూసింది. కదలలేదు. బిగుసుకుందనుకుంది. మీట నొక్కింది.

షెడ్డులో పరికరం టక్కుమని కరెంటు కోసింది, కాసేపాగి మళ్ళీ ఇచ్చింది. పెట్టె లేచింది. ఎర్ర బటన్ సంగతి దానికి గుర్తులేదు. ట్యాంకు వైపు చూసింది. నీళ్ళు తక్కువున్నాయి. పంపు వేసింది.

తెర మీద అంకె కదలగానే ఆమెకు తృప్తిగా అనిపించింది. మరుక్షణం మోటారు లాగే కరెంటు ఒక్కసారి ఎగిరి పడింది. ఆ వెంటనే ఇంకో గుర్తు వెలిగింది. షెడ్డు గోడకున్న ఇనప హ్యాండిల్ ఎవరో కిందికి లాగారు.

ఆ హ్యాండిల్ దానంతటది పడదు. మనిషి చెయ్యి లాగితేనే పడుతుంది.

ఆమె లేచి నిలబడింది. అతని నంబరు తన ఫోన్లోంచి ఎప్పుడో తీసేసింది. గోడకు అంటించిన కాగితంలో వెతికి చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆఫీసు జీపు తాళాలు లాక్కుని, డ్రైవరు కోసం చూడకుండా తనే నడుపుకుంటూ వెళ్ళింది.

అతను షెడ్డు బయట గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా విప్పి ఎడమచేతికి చుట్టుకున్నాడు. చొక్కా ఏ రంగుదో తెలియకుండా తడిసిపోయింది. పక్కన మట్టిలో ఫోన్ పడి ఉంది. ఆమె దిగి పరుగున రావడం చూసి కూడా కదల్లేదు. రెండేళ్ళ తర్వాత ఆమె మొహంలోకి నేరుగా చూసి అతను అన్న మొదటి మాట:

"తెలిసే నొక్కారా?"

"లేదు. మీరిక్కడున్నట్టు తెలీదు."

"తెలిసుంటే?"

ఆమె అతని చెయ్యి వైపు చూసి, జీపు ఎక్కమంది. అన్నయ్యకు ఫోన్ చేశాను, వస్తున్నాడు, అతనితో వెళ్తానన్నాడు. మీ అన్నయ్య వచ్చేలోపు ఒంట్లో రక్తం మిగలదంది. మిగలకపోతే మీకేంటన్నాడు. అప్పటికే అతని పెదాలు తెల్లబడ్డాయి. ఆమె అతని కుడి చంక కింద చెయ్యి వేసి లేపింది. విదిలించుకోబోయాడు, చేతకాలేదు. దారంతా కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర మాత్రం కళ్ళు తెరిచి, మీరు లోపలికి రావద్దు అన్నాడు.

అయినా ఆమె లోపలికి వెళ్ళింది. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి ఒకప్పటి అత్తగారు, ఒకప్పటి భర్త వచ్చారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పి. కొడుకు భుజం పట్టుకుని నడిచింది. ఆమెను చూడగానే ఆ భుజం వదిలేసి తనంతట తనే ముందుకొచ్చింది.

"ఒక కొడుకును ఇంట్లో కూలబెట్టావు," అంది పెద్దావిడ, గొంతు పెంచకుండానే. "రెండోవాడిని ఇక్కడ పడుకోబెట్టావు. ఇంకెవరూ లేరమ్మా నాకు. ఇక వెళ్ళు."

ఆమె లేవలేదు. వెళ్ళడానికి కాళ్ళు రాలేదో, వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందనుకుందో ఆమెకే తెలియలేదు. ఒకప్పటి భర్త తన తల్లిని ఎదురు బెంచీ మీద కూర్చోబెట్టాడు. మనిషి చిక్కిపోయాడు. వాడు నీకు ఫోన్ చేయనని ఇంట్లో కూడా చెప్పేవాడని మెల్లగా అన్నాడు. అది ఓదార్పో ఆరోపణో ఆ గొంతులో తెలియలేదు. మరి మీరేమన్నారని ఆమె అడిగింది. నేనేమంటాను, నాకు అనే హక్కెక్కడిదన్నాడు. ఆ మాటకు ఆమెకు జాలి వేయలేదు, కోపమే వచ్చింది. ఈ ఇంటివాళ్ళెవరికీ సమయానికి నోరు పెగలదనిపించింది.

డాక్టరు వచ్చి, చిటికెన వేలు, ఉంగరపు వేలు నిలబడలేదని, మిగతావి దక్కాయని చెప్పాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు లేచి వెళ్ళింది ఆమె.

మర్నాటికి ఆఫీసులో కథ తయారైపోయింది. మొగుడిని వదిలేసిన కచ్చ మరిది మీద తీర్చుకుందని. అతను షెడ్డులో ఉన్నాడని తెలిసీ నొక్కిందని కొందరు, నవ్వుతూ నొక్కిందని కొందరు. ఆమె క్యాంటీన్‌లోకి వస్తే బల్లలు ఖాళీ అయ్యేవి. సూపర్వైజరు వాచిన దవడ మీద చెయ్యి పెట్టుకుని, నా ఫోన్ ఆపకుండా ఉండాల్సింది అని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

ఆమె తన ప్రోగ్రాం ముందేసుకుని కూర్చుంది. ఎర్ర బటన్ నొక్కిన సంగతి కరెంటు పోతే చెరిగిపోతుందని తను ఎందుకు చూసుకోలేదు? మీట తప్పకుండా పని చేయాలన్నదే ధ్యాసగా ఉంది. పెట్టె లేచాక ఏం చేస్తుందని ఒక్కసారీ తనను తాను అడగలేదు. షెడ్డులోకి ఎవరు వెళ్తారో, చేతులు ఎక్కడ పెడతారో అతనికి తెలుసు. అతన్ని అడగకుండా కట్టింది. ఎందుకు అడగలేదో ఆమెకు బాగా తెలుసు. ఆ జవాబు విచారణలో చెప్పదగ్గది కాదు.

పై ఆఫీసు నుంచి ముగ్గురొచ్చి విచారణ పెట్టారు. చేతికి కట్టుతో ఫిట్టరు వచ్చాడు. వాళ్ళు ముందు ఆమెను అడిగారు. ప్రోగ్రాంలో తప్పు నాదేనని చెప్పింది. తర్వాత అతన్ని అడిగారు. ఇంజనీరు కావాలని చేసిందని మీరు అనుకుంటున్నారా? గదిలో ఉన్నవాళ్ళందరికీ ఇద్దరి సంగతీ తెలుసు. అతను అవునంటే ఆమె ఉద్యోగం అక్కడితో సరి. ఆ మాట అంటాడనే అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

అతను కట్టు వైపు చూసుకున్నాడు.

"ఆవిడకి నేనంటే గిట్టదు. నాకు ఆవిడంటే గిట్టదు. అది అందరికీ తెలిసిందే. కానీ నేనక్కడున్నానని ఆవిడకి తెలీదు. నేను చెప్పలేదు. హ్యాండిల్ దించాల్సింది, దించలేదు. ఆ రెండూ నా పంతం. రాసుకోండి."

రాసుకున్నారు.

బయట వరండాలో ఆమె అతని వెనకే వెళ్ళింది. థాంక్స్ అనబోయింది. అతను చెయ్యెత్తి ఆపాడు, కట్టున్న చెయ్యి.

"వద్దు. మీకోసం చెప్పలేదు. అందరి ముందూ మనిషిని నిలబెట్టి పరువు తీయడం నాకు చేతకాదు, అంతే. అది మీకొచ్చు."

ఆమె మొహం ఎర్రబడింది. "చెప్పాల్సిన మాట దాచడం మీకొచ్చు. అప్పుడూ నాకు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. అప్పుడు నా కాపురం పోయింది. ఇప్పుడు మీ వేళ్ళు పోయాయి."

"మీరు అడిగారా?" అన్నాడతను. "ఒక్కరోజు నన్ను పక్కకు పిలిచి, అబ్బాయ్ ఏం జరుగుతోంది అని అడిగారా? అడిగుంటే చెప్పేవాణ్ణి. అన్నయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఎవరైనా అడిగితే బాగుండునని నేను ఏడాది ఎదురుచూశాను."

సూపర్వైజరు తలుపు తెరుచుకుని వచ్చి వాళ్ళను చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగి వెళ్ళాడు. ఆమె అక్కడే ఉండిపోయింది. నిజంగానే అడగలేదు. అడగాలని తోచనంతగా అతన్ని నమ్మింది మరి. ఆ మాట అతనికి చెప్పాలనిపించలేదు.

విచారణ వాళ్ళు ఆమెను ఉద్యోగంలో ఉంచారు, దూరపు మీటను మాత్రం ఆపేశారు. బాగుచేసి చూపించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఫిట్టరు లేడు, మీట లేదు. నెలల తరబడి ఆమే జీపు వేసుకుని షెడ్డు షెడ్డుకూ తిరిగి ప్లగ్గులు పీకింది. ఎండలో ఆ తిరుగుడు ఏమిటో అప్పుడు తెలిసింది. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. బొంగరమే.

ఆ తిరుగుళ్ళలోనే కొత్త ఏర్పాటు తట్టింది. కప్లింగ్ మీది రేకుకు తాళం పెట్టాలి. ఆ తాళంచెవి మామూలుగా గోడ మీది స్విచ్చులో ఉంటుంది. స్విచ్చులోంచి చెవి తీస్తే పంపుకు వెళ్ళే తీగలో కరెంటు తెగుతుంది. చెవి తీయనిదే రేకు తెరుచుకోదు. రేకు తెరిచి ఉన్నంతసేపూ కంట్రోల్ రూము నుంచి పెట్టెను ఎన్నిసార్లు ఆపి లేపినా అది లేస్తుంది, పంపు వేయమని అరుస్తుంది, కానీ పంపు తిరగదు. పెట్టెను లేపడం వేరు, పంపును తిప్పడం వేరు. మొదటిసారి ఆ రెంటినీ కలిపేయడమే తను చేసిన తప్పు.

ఫిట్టరు పనిలోకి వచ్చిన వారంలో దాన్ని గుట్ట మీది షెడ్డులో బిగించింది. సూపర్వైజరు, ఫిట్టరు, ఇద్దరు హెల్పర్లు చూడటానికి వచ్చారు. చెవి తీశారు, రేకు తెరిచారు, కప్లింగ్ సందులో కర్ర పెట్టారు. కంట్రోల్ రూములో ఉన్న ఆపరేటరుకు ఫోన్ చేసి నొక్కమన్నారు. పెట్టె ఆరింది, లేచింది. కర్ర కదల్లేదు. సూపర్వైజరు చప్పట్లు కొట్టబోయాడు.

"కర్రకేం పోతుంది?" అన్నాడు ఫిట్టరు. ఈసారి ఆయన వైపు చూడలేదు, ఆమె వైపే చూశాడు. "దీన్ని నమ్మి రేపు నేను చెయ్యి పెట్టాలి. మీరు పెట్టండి. నేను వెళ్ళి నొక్కుతాను."

"ఇవేం పంతాలమ్మా," అన్నాడు సూపర్వైజరు. "సర్దుకు..."

"మీరు సర్దింది చాలు సార్," అంది ఆమె. అతనితో, "వెళ్ళండి. చేరాక ఫోన్ చేయండి" అంది.

సూపర్వైజరు చూడలేనని హెల్పర్లతో సహా బయటికి వెళ్ళి చెట్టు కింద నిలబడ్డాడు. షెడ్డులో ఆమె ఒక్కతే మిగిలింది. ట్యాంకులో నీళ్ళు కావాలనే తగ్గించి ఉంచారు, పెట్టె లేవగానే పంపు కోసం చూడాలని. గోడ మీది ఇనప హ్యాండిల్ పైకే ఉంది. దించితే ఇది పరీక్ష కాదు. ఆమె చేతి గడియారం తీసి నేల మీద పెట్టింది. దాని పక్కన ఫోన్ పెట్టింది. తాళంచెవి కుడి పిడికిట్లో ఉంది.

ఫోన్ మోగింది. స్పీకరు నొక్కింది.

"పెట్టారా?"

మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పెట్టింది. ఇనుము చల్లగా, జిడ్డుగా ఉంది. "పెట్టాను."

"ఏ చెయ్యి?"

"ఎడమ."

టక్కుమని పెట్టె దీపాలు ఆరిపోయాయి. కాసేపాగి వెలిగాయి. పెట్టె ఒక్కొక్కటే సరిచూసుకుంటూ లేస్తోంది. తను కట్టిన తీగలన్నీ ఆమె మనసులో ఒకసారి నడిచి చూసింది. పంపు వేసే రిలే స్విచ్చు కొట్టుకున్న చప్పుడయింది. పంపు వేయమంటోంది. ఏదీ తిరగలేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఆరాయి, వెలిగాయి. తిరగలేదు.

మూడోసారికి అతను తొందరపడలేదు. కావాలనే ఆలస్యం చేస్తున్నాడని ఆమెకు తెలుసు. మెడ మీదుగా చెమట వీపు మీదికి దిగింది. చెయ్యి తీసేయవచ్చు, అతనికి కనపడదు. తీయలేదు.

"భయమేస్తోందా?" అన్నాడు ఫోన్లో.

"వేస్తోంది."

"నాకు వెయ్యలేదు. తెలీదు కదా."

అతను నొక్కాడు. దీపాలు ఆరి, వెలిగి, రిలే కొట్టుకుని, షెడ్డు నిశ్శబ్దంగా ఉండిపోయింది.

"తీసెయ్యండి," అన్నాడు. "రేపటి నుంచి మిగతా షెడ్లకి బిగిస్తాను. ప్రతి తాళానికీ చెవి ఒక్కటే ఉండాలి. రెండోది ఎవరి దగ్గరా ఉండకూడదు. మీ దగ్గర కూడా."

"ఉండదు."

ఫోన్ ఆగిపోయింది. ఆమె చెయ్యి బయటికి తీసి చూసుకుంది. వేళ్ళు నల్లగా జిడ్డుకొట్టుకుని, అయిదూ ఉన్నాయి. పాతగుడ్డతో తుడుచుకుని, రేకు మూసి, తాళం వేసి, చెవిని గోడ మీది స్విచ్చులో పెట్టి తిప్పింది. అప్పటిదాకా పెట్టె ఎన్నిసార్లు అడిగినా కదలని పంపు ఒక్క కుదుపుతో లేచి షెడ్డంతా మోత నింపింది. తనే తిప్పిన చెవి, తెలిసిన చప్పుడు. అయినా ఆమె ఎదురుగోడ దాకా వెనక్కి వెళ్ళిపోయి, కాసేపు అక్కడే నిలబడింది.